పరామర్శకు వచ్చిన పదకొండు బాట్లు

మస్తానమ్మ చనిపోతే పరామర్శకు మనిషన్నవాడు రాలేదు. ఇంటర్నెట్‌లో ఉండే కుట్టుమిషన్ల ఫోరం నుంచి, అక్కడ ప్రకటనలు రాసే పదకొండు స్పామ్ బాట్లు మాత్రం నడిచి వచ్చి వరండాలో కూర్చున్నాయి. బంధువులు ఫోన్లో దండం బొమ్మలు పంపి, ఆమె భర్త ఆదెయ్యకు అంతే చాలనుకున్నారు.

బాట్లకు చెప్పులు లేవు గనక బయట విడిచే పని పడలేదు. అవి చెడిపోయిన బాట్లు. చెడగొట్టింది మస్తానమ్మే. మిషన్లో దారం ఎందుకు తెగుతోందో అడగటానికి ఆమె ఆ ఫోరంలో చేరింది. నెలకు పది కిలోల బరువు తగ్గిస్తామని బాట్లు రాస్తే అందరూ చూడనట్టు పోయేవారు. ఆమె మాత్రం, "ముందు నువ్వు తిన్నావా నాయనా" అని రాసేది. తొమ్మిదేళ్లు రాసింది. జవాబు వస్తే ఏం చెయ్యాలో వాటికెవరూ నేర్పలేదు. ఒక్కొక్కటే అమ్మకం మరిచిపోయి ఆమె మాటలు నేర్చుకున్నాయి.

వరండాలో అవి ఆ మాటలే చెప్పుకున్నాయి. చలికి నూనె చిక్కబడితే మిషన్ను ఎండలో పెట్టమనేదట. ఆదెయ్య పక్కన కూర్చుంటే కుట్టు వంకర పోయేదట, అయినా లేచి పొమ్మనబుద్ధి కాలేదట. ఆ సంగతి ఆదెయ్యకు అప్పుడే తెలిసింది.

మూడో రోజు ఫోరం ఇన్‌స్పెక్టరు రిపేరు ఫారాలతో వచ్చాడు. రిపేరైన బాట్‌లో పాత మాటలు మిగలవు. బాగైందనటానికి పరీక్ష ఒకటే, "మళ్ళీ వస్తాం" అనాలి. చావింట్లో ఆ మాట ఎవరూ అనరు. ఆ ఆచారానికి ఫారంలో గడి లేదు. సాయంత్రానికి పది బాట్లు రిపేరై, ఆ మాట అనేసి వెళ్లిపోయాయి.

ఇన్‌స్పెక్టరు టీకి వెళ్లినప్పుడు ఆదెయ్య పదకొండో బాట్ పక్కన కూర్చున్నాడు.

"ఆయన రాంగానే మళ్ళీ వస్తానని చెప్పు. బాగానే ఉందనుకోని నిన్ను ముట్టుకోడు."

"చావింట్లో అనకూడదంట గదా చిన్నాయనా. చిన్నమ్మే చెప్పింది."

"నేను చెప్తన్నా గదా. అను."

"అంటే ఇంకో చావు వస్తదంట. ఈ ఇంట్లో ఉండేది నువ్వొక్కడివే."

ఇన్‌స్పెక్టరు వచ్చి అడిగాడు. అది అనలేదు. రిపేరుకు ఏడు నిమిషాలు పట్టింది. తర్వాత అది లేచి, బరువు తగ్గాలని ఉందా అని ఆదెయ్యను అడిగి, మళ్ళీ వస్తామని చెప్పి వెళ్లింది. ఫారంలో అభ్యంతరం లేదన్న చోట ఆదెయ్య సంతకం పెట్టాడు.

ఇప్పుడు పదకొండూ ఫోరంలో రోజూ రాస్తున్నాయి. వాటికి ఎవరూ జవాబివ్వరు. ఫోరం సజావుగా నడుస్తోందని నివేదిక వెళ్లింది. పెద్దకర్మ భోజనాలకు బంధువులంతా వచ్చారు. ఆ మూడు రోజులూ ఇంట్లో తోడెవరున్నారని అడిగారు. ఎవరూ లేరన్నాడు ఆదెయ్య. ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. ఎత్తడు.