అరవై రెండు తేదీల సర్వసభ్య సమావేశం

బుధవారం పొద్దున విలాసిని వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి గ్రంథాలయం తలుపులు తీయడం, అరవై రెండు నోటీసులు అచ్చు తీయడం, భోజనాల వేళకల్లా కవర్లలో పెట్టి అంటించేయడం. పోయిన ఏడాది వరకు వాటిని చేత్తోనే రాసేది. వారం పట్టేది, చెయ్యి పడిపోయేది. ఈ ఏడాది పంచాయతీ కంప్యూటర్ సెంటర్లో పది రోజులు ఎక్సెల్ నేర్చుకుంది. కొత్తగా నేర్చుకున్న మనిషికి చేతులు ఊరుకుంటాయా? ఇంట్లో పచారీ సరుకులు గళ్ళలోకి ఎక్కాయి. దొడ్లో కొబ్బరికాయలు ఎక్కాయి. మొగుడు సోమన్‌కు లుంగీలు ఎన్ని ఉన్నాయో, వాటిలో చిరిగినవి ఎన్నో చెప్పే పట్టిక కూడా తయారైంది.

"నా పేరు కూడా ఏ గడిలోనన్నా పెట్టావా?" అని సోమన్ అడిగాడు. గ్రంథాలయం కిందే అతని టీ దుకాణం.

"పెడతా. ముందు ఈ నోటీసులు కానివ్వండి. ప్రాణం అక్కడుంది."

నిజంగానే ప్రాణం అక్కడే ఉంది. పుళవక్కు ఊరి గ్రంథాలయంలో ఆమె పంతొమ్మిదేళ్ళుగా పనిచేస్తోంది. నాలుగు వేల పుస్తకాల్లో ఏది ఏ అరలో ఉందో కళ్ళు మూసుకుని చెబుతుంది. ఏటా జరిగే సర్వసభ్య సమావేశానికి కనీసం ఇరవై ఐదుగురు వచ్చి సంతకాలు పెట్టాలి. రెండేళ్ళ కిందట పదకొండు మంది వచ్చారు, నిరుడు తొమ్మిది మంది. మూడోసారీ ఇలాగే అయితే తాలూకా సంఘం వాళ్ళు గదికి తాళం వేసి పుస్తకాలన్నీ పట్నానికి తరలిస్తారు. ఆ మాట తలుచుకుంటే చాలు, విలాసినికి అన్నం సహించడం లేదు.

కంప్యూటర్ ముందు కూర్చుని ఆమె ముందు అధ్యక్షుల పేరు, తర్వాత వీధుల వరసలో మిగతా పేర్లు దించింది. పక్క నిలువు వరసలో తేదీ. నిజానికి అందరికీ ఒకటే తేదీ కాబట్టి నోటీసులోనే రాసేస్తే సరిపోయేది. కానీ పది రోజులు నేర్చుకున్న విద్య వాడకపోతే ఎలా? మొదటి గడిలో జూన్ ఏడు అని కొట్టింది. ఒకసారి కొట్టాక గడి మూలన ఉన్న చుక్కను పట్టుకుని కిందికి లాగితే చాలు, మిగతావన్నీ అవే నిండుతాయని టీచరమ్మ జిన్సీ చెప్పింది. విలాసిని చుక్కను పట్టుకుని అరవై రెండో వరస దాకా లాగింది. నిండాయి. కాకపోతే అంకెలకు బదులు #### అని గళ్ళగళ్ళ గుర్తులు బారులు తీరి కనబడ్డాయి. బ్యాంకు వాళ్ళు ఫోనుకు పంపే సందేశాల్లో ఖాతా నంబరును కూడా ఇలాగే గుర్తులతో కప్పేస్తారు. ఎంత జాగ్రత్త గల యంత్రమో అని ఆమె మురిసిపోయింది.

పట్టికలోని పేరూ తేదీ వాటంతటవే నోటీసుల్లోకి వెళ్ళి కూర్చునే కిటుకు కూడా జిన్సీ నేర్పింది. మొదటి నోటీసు బయటికి రాగానే విలాసిని రెండుసార్లు చదువుకుంది. అధ్యక్షులు కేళు నంబియార్ గారికి, జూన్ ఏడు, సాయంత్రం నాలుగు గంటలు, హాజరు తప్పనిసరి. అక్షరం పొల్లు పోలేదు. మిగతా అరవై ఒకటీ చదవడం దండగ అనుకుని ముద్రలు కొట్టి, కవర్లు అంటించి, వానలో గొడుగేసుకుని ఇంటింటికీ తనే పంచి వచ్చింది.

ఆ వారమంతా ఊళ్ళో ఏదో కదలిక. చేపల అంగడిలో నబీసా ఆమెను పక్కకు లాక్కెళ్ళి, "ఒక్కదాన్నే రావాలా అక్కా, మా ఆయన తోడు రావచ్చా?" అని గుసగుసగా అడిగింది. క్షౌరశాల తంకప్పన్ కత్తెర ఆపి, "నేనేం తప్పు చెయ్యలేదు కదక్కా?" అన్నాడు. ఇద్దరు సభ్యులు ఎప్పుడో తీసుకెళ్ళిన పుస్తకాలు దొరక్క అటకల మీదివన్నీ దింపుతున్నారని కబురొచ్చింది. విలాసిని సంబరం ఇంతా అంతా కాదు. ఈసారి ఊపు మామూలుగా లేదని మొగుడితో చెప్పి డెబ్బై పప్పు వడలు వేయించమంది. డెబ్బై కుర్చీలు అద్దెకు తెప్పించింది.

జూన్ ఏడున సాయంత్రం నాలుగింటికి డెబ్బై కుర్చీల ముందు ముగ్గురున్నారు. ఎనభై నాలుగేళ్ళ కేళు నంబియార్ మాష్టారు, జీతానికి పనిచేసే విలాసిని, తాలూకా సంఘం నుంచి వచ్చిన పరిశీలకుడు సుకుమారన్. సుకుమారన్ సంచిలో కొత్త తాళం, ఇంకా ప్లాస్టిక్ కవరు కూడా విప్పనిది, పైకే కనబడుతోంది. నాలుగున్నరయింది. వాన దంచుతోంది. విలాసిని వరండాలో ఈ కొస నుంచి ఆ కొసకు తిరుగుతూనే ఉంది. చివరికి ఆగలేక ఫోను తీసింది.

"తంకప్పా, ఎక్కడున్నావురా?"

"కొట్లోనే అక్కా. గడ్డం సగంలో ఉంది."

"సభ పెట్టుకుని గడ్డాలేమిటి?"

"నాది పదకొండో తారీఖు కదక్కా."

తప్పించుకోవడానికి దొరికిన సాకనుకుని ఆమె నాలుగు చివాట్లు పెట్టి నబీసాకు చేసింది. నబీసా నింపాదిగా, "నాది పంతొమ్మిది. కాగితం మీద ముద్ర కూడా ఉంది" అంది. మూడో ఆయన తనది జులై ఇరవై అనీ, నలభై ఏళ్ళ సభ్యుణ్ణి పట్టుకుని నిన్నగాక మొన్న చేరిన వాళ్ళ వెనక పిలుస్తారా అనీ ఎదురు తగులుకున్నాడు.

విలాసిని ఫోను పెట్టేసింది. లోపలికి పరుగెత్తి కంప్యూటర్ తెరిచి, ఆ గుర్తులున్న వరసను పక్కకు లాగి వెడల్పు చేసింది. చోటు చాలక ముడుచుకుని కూర్చున్న తేదీలన్నీ ఒళ్ళు విరుచుకుని బయటపడ్డాయి. జూన్ ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది. మనిషికొక రోజు. అరవై రెండో సభ్యుడికి ఆగస్టు ఏడు.

"కొంప ముంచాను మాష్టారూ" అంటూ ఆమె అక్కడే కూలబడింది. "నేను ఒకటే తేదీ ఇచ్చాను. లాగేసరికి అది పెరుగుతూ పోయింది. ఈ గది నా చేతులతో నేనే మూయించాను."

సుకుమారన్ గొంతు సవరించుకున్నాడు. "మళ్ళీ నోటీసులు ఇవ్వడానికి వీల్లేదమ్మా. మూడోసారి అంటే మూడోసారే. నేను తాళం..."

"ఆగవయ్యా" అన్నారు నంబియార్ మాష్టారు. ఆయన నిబంధనల పుస్తకాన్ని ముక్కుకు ఆనించుకుని చదువుతున్నారు. "కోరం లేకపోతే సభను మర్నాటికి వాయిదా వేయవచ్చు. ఎన్నిసార్లని రాయలేదు. నేను వాయిదా వేస్తున్నాను. నా సంతకం ఒకటి పడింది, రాసుకో."

సుకుమారన్ పుస్తకం లాక్కుని తనూ చదివాడు. నిబంధన ఉంది. అయితే దాని కింద ఇంకొకటి కూడా ఉంది. వాయిదా పడ్డ సభకు ఏ రోజైనా కొత్త సభ్యుడు ఒక్కరూ రాకపోతే సభ రద్దు.

"రోజూ ఐదింటి దాకా చూస్తాను" అన్నాడతను. "నోటీసులో ఎవరి తేదీ ఉంటే ఆ రోజు వాళ్ళ సంతకమే. ఒక్క రోజు తప్పినా తాళమే."

ఆ రాత్రికి ఇంటిల్లిపాదీ డెబ్బై వడలతో సరిపెట్టుకోవలసి వచ్చింది. ఇల్లంటే ఇద్దరే.

మర్నాటి నుంచి విలాసినికి కాలు కింద నిలవలేదు. పొద్దున ఆ రోజు సభ్యుడి ఇంటి ముందు ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి తచ్చాడేది. నాలుగింటికి వరండాలో నిలబడి రోడ్డు చూసేది. మనిషి కనబడేదాకా చూపు గడియారం మీదే. కనబడ్డాక పది నిమిషాలు తెరిపి. ఆ తర్వాత రేపటి మనిషి గురించి దిగులు. ఎనిమిదో సభ్యుడికి జ్వరమొస్తే ఆటోలో పడుకోబెట్టి తీసుకొచ్చింది. పదిహేనో ఆయన కూతురి పురిటికి కోళిక్కోడ్ వెళ్తుంటే బస్సు కాసేపు ఆపించి, రిజిస్టరు పట్టుకున్న సుకుమారన్‌ను, మాష్టారిని వానలో స్టాండుకు లాక్కెళ్ళింది. బస్టాండులో సభ జరపకూడదని ఏ నిబంధనలోనూ లేదన్నారు మాష్టారు.

చిత్రమేమిటంటే అందరూ వచ్చారు. పదిమందిని కలిపి పిలిస్తే ఎవడో ఒకడు వెళ్తాడులే అనుకునే మనిషి, తనొక్కణ్ణే పిలిచేసరికి హడలిపోయాడు. తిరిగి ఇవ్వని పుస్తకాల గురించే విడిగా నిలదీస్తున్నారని ఊరంతా పాకింది. వచ్చిన ప్రతివాడి చంకలో ఒకటో రెండో పుస్తకాలు. నబీసా అయితే పధ్నాలుగేళ్ళ కిందటి వంటల పుస్తకం బల్ల మీద పెట్టి, "పులుసు మరకలు నావి కావక్కా, మా అత్తవి" అంది.

సుకుమారన్‌కు మాత్రం ప్రాణం విసిగింది. రోజూ రెండు బస్సులు మారాలి. చెప్పులు పాచిపట్టాయి. "ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో ఇంత పొడుగు సభ చూడలేదమ్మా" అని వాపోయేవాడు.

జూన్ ముప్పైకి ఇరవై నాలుగు సంతకాలయ్యాయి. జులై ఒకటిన రావలసిన ఇరవై ఐదో సభ్యుడు ఔసేప్పచ్చన్. ఆ పేరు చూడగానే విలాసినికి దుఃఖం పొంగుకొచ్చింది. కలప కోత మిల్లు యజమాని ఔసేప్పచ్చన్ గ్రంథాలయం మెట్లెక్కి పన్నెండేళ్ళయింది. గ్రంథాలయానికొచ్చే పేపర్లో పదకేళిని రోజూ పెన్నుతో నింపేస్తున్నాడని అప్పట్లో ఆమె అతని పేరు బోర్డు మీద రాసి పెట్టింది. ఆ పూటే లేచి వెళ్ళిపోయాడు. ఇప్పుడు క్షమించమని అడుగుదామని ముందు రోజు మిల్లుకు వెళ్తే, ఆమె నోరు తెరిచినప్పుడల్లా అతను రంపం ఆన్ చేశాడు. మూడుసార్లు ప్రయత్నించి, నెత్తి నిండా రంపపు పొట్టుతో తిరిగొచ్చింది.

ఒకటో తేదీ నాలుగయింది. నాలుగున్నరయింది. సోమన్ కూడా కొట్టు వదిలేసి పైకొచ్చాడు. "నువ్వు కాసేపు కూర్చోవే, గచ్చు అరిగిపోతుంది" అన్నాడు కానీ అతనూ కూర్చోలేదు. ఐదుకు పది నిమిషాలుందనగా సుకుమారన్ తాళం కవరు విప్పడం మొదలుపెట్టాడు. అప్పుడు మెట్ల మీద బరువైన అడుగులు వినబడ్డాయి.

ఔసేప్పచ్చన్ నిలువునా తడిసి ఉన్నాడు. జేబులోంచి ఒక కాగితం తీసి బల్ల మీద విసిరాడు. "నా రాజీనామా. పన్నెండేళ్ళ తర్వాత నన్ను ఒంటరిగా పిలిచి అవమానిస్తారా? మీ సభ్యత్వం మీరే ఉంచుకోండి."

విలాసిని ఆ కాగితం మీదికి వంగింది. మాష్టారు మాత్రం కాగితం వైపు చూడను కూడా చూడలేదు.

"సంతోషం. సభకు హాజరైనట్టు ముందు సంతకం పెట్టు. సభలో లేనివాడి రాజీనామా సభ ఎలా తీసుకుంటుంది?"

"పెడతా. నాకేం భయమా?" ఔసేప్పచ్చన్ కాగితం చిరిగేలా సంతకం గీకాడు.

"ఇరవై ఐదు" అన్నారు మాష్టారు. "కోరం నిండింది. గ్రంథాలయం కొనసాగాలని తీర్మానం. మిగతా ఇరవై నలుగురూ సంతకంతో పాటే సమ్మతి రాసిచ్చారు. ఆమోదించడమైనది. రాసుకోవయ్యా."

సుకుమారన్ పెన్ను ఆగింది. "మరి ఈయన రాజీనామా?"

"వచ్చే ఏడాది సర్వసభ్య సమావేశంలో చర్చకు పెడతాం. ఔసేప్పూ, నువ్వు తప్పకుండా రావాలి. నువ్వు లేకుండా దాని మీద చర్చించడం మర్యాద కాదు."

ఔసేప్పచ్చన్ మాష్టారి వైపూ సుకుమారన్ వైపూ మార్చి మార్చి చూశాడు. తిట్టడానికి తెరిచిన నోరు మూసుకుని దగ్గరున్న కుర్చీలో కూర్చున్నాడు. సుకుమారన్ తీర్మానం రాసి, ముద్ర కొట్టి, తాళాన్ని మళ్ళీ కవర్లో పెట్టి సంచి భుజాన వేసుకున్నాడు. విలాసిని అలమరా పక్కన గోడకు చేరగిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఇరవై ఐదు రోజుల్లో ఆమె కదలకుండా ఒకచోట ఉండడం అదే మొదలు.

"ఇక లే" అన్నాడు సోమన్. "మిగతా ముప్పై ఏడుగురికీ ఫోను చేసి చెప్పు, రానక్కర్లేదని."

ఆమె కళ్ళు తుడుచుకుని ఫోను తీసి, బల్ల మీద గుట్టగా పడి ఉన్న, తిరిగొచ్చిన పాత పుస్తకాల వైపు చూసింది. తర్వాత మాష్టారి వైపు చూసింది. ఆయనా అటే చూస్తున్నారు.

సభ ముగిసిన సంగతి ఆగస్టు ఏడో తేదీ వరకు ఎవరికీ చెప్పలేదు.