మా ఇంట్లో మెరుపుల క్లాసు

పటాన్‌చెరులో స్టీలు గిన్నెల ఫ్యాక్టరీ మాది. మాది అంటే నాది కాదండోయ్, నేను పనిచేసేది. పొద్దుటి షిఫ్టులో నేను గిన్నెలకు మెరుగు పెడతాను. మధ్యాహ్నం షిఫ్టులో నా భార్య తేజస్విని అవే గిన్నెలు చూసి, నచ్చనివి వెనక్కి పంపుతుంది. కొల్లూరు కాలనీ ముందు కంపెనీ బస్సులోంచి నేను దిగుతుంటే ఆవిడ ఎక్కుతుంది. "కూర మూత కింద ఉన్నది" అంటుంది. రోజూ మా సంసారం మొత్తం అంతే.

మిగిలింది ఆదివారం. దానికీ ఎసరు వచ్చింది. విదేశాలకు పంపే గిన్నెల మెరుపు ఎలా ఉందో ఇంగ్లీషులో రాయాలని పైవాళ్లు కొత్త నియమం పెట్టారు. ఆవిడ ఆదివారాలు సంగారెడ్డిలో ఇంగ్లీషు క్లాసుకు పోతానంది. వారమంతా గోడను చూస్తూ అన్నం తినేవాడిని, ఆ ఒక్క రోజూ పోతే ఎలా?

"సంగారెడ్డి దాకా ఎందుకే? నేను జెప్త గద" అన్నాను.

"నువ్వా? మేనేజర్ గుడ్ మార్నింగ్ అంటే థ్యాంక్యూ అన్నోడివి!"

"గది మర్యాద."

"సరే, ఒక్క ఆదివారం సూస్త. నచ్చకుంటే బస్సెక్కుత."

వారమంతా ఫోన్లో డిక్షనరీ నమిలాను. ఊరికే చెబితే చిటికెలో అయిపోతుందని, ఆదివారం సామాన్లతో సహా దిగాను.

"గ్లో, గ్లీమ్, గ్లిటర్, గ్లిసెన్, అన్నీ ఒక్క పాత వేరుకు పుట్టిన అక్కసెల్లెండ్లు. కానీ ఎవరి గుణం వాళ్లది" అని మొదలుపెట్టి, వంకాయలకు నూనె పూశాను. "ఇది గ్లిసెన్. తడి మెరుపు."

"వారం నూనె ఒక్క మాటకే పోయె!"

బీరువాలోంచి ఆవిడ పెళ్లి పట్టుచీర తీసి పరిచాను. "ఈ జరీ గ్లిటర్. చుక్కలు చుక్కలుగ మిలమిల."

"మరి గ్లీమ్?"

"నేను మెరుగు పెట్టిన గిన్నె. నెమ్మదిగ, నిలకడగ మెరుస్తది."

"నువ్వు పెట్టినయి సగం వాపస్ పంపుతున్న గద!"

ఆ మాట విననట్టు గ్లో కోసం సాంబ్రాణి బొగ్గు రాజేశాను. "మంట లేకుంట లోపలి వేడితోని వెలిగేది" అని రొమ్ము విరిచి ధూపం గిన్నె పైకెత్తేసరికి, నూనె చేతిలోంచి అది జారింది. నిప్పు నేరుగా పట్టుచీర అంచు మీద పడింది.

పొగ చూసి పక్కింటి సుమయ్య బకెట్‌తో పరుగెత్తుకొచ్చింది. ఆవిడదీ మా ఫ్యాక్టరీయే. నీళ్లు సగం చీర మీద, సగం నా మీద పోసింది.

"ఏమైంది భయ్యా, పరేషాన్ జేస్తిరి!"

"ఇంగ్లీషు జెప్తున్నడు" అంది తేజస్విని.

ఇక బస్సెక్కుతుందని హడలిపోయాను. ఆవిడ కాలిన అంచు చూసింది, నన్ను చూసింది. "కంపెనీ రాయమన్న మాటలల్ల డాజిల్ మిగిలింది, జెప్పు" అంది.

"కండ్లు చెదిరే వెలుగు. అలసిపోవుడు అనే పాత మాట నుంచి వచ్చిందట" అన్నాను నీళ్లోడుతూ.

"సచ్, నిజమే! షిఫ్టు అయిపోయేసరికి లైట్ల కింద మన కండ్లు గట్లనే అయితయి" అంది సుమయ్య. తేజస్విని పకపకా నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో! బస్సు సంగతి మళ్లీ ఎత్తలేదు. గెలిచాననుకున్నాను.

మరుసటి ఆదివారం తల దువ్వుకుని చాప పరిచాను. తలుపు తీస్తే బయట చెప్పుల గుట్ట. సుమయ్య వెనక, ఫ్యాక్టరీ లైన్లో పనిచేసే ఆడవాళ్లంతా ఉన్నారు.

"గిదేంది?"

"సంగారెడ్డి పోవద్దంటివి. పోలే. క్లాసే ఇంటికొచ్చింది."

"అయితే నేనే సారును గద?"

"వొద్దు. పోయినసారి చీర కాల్చినవు, ఇగ ఇల్లు కాలుస్తవు. నువ్వు జెప్పింది నేను జెప్త. జెర చాయ్ పెట్టి బయట కూసో. నువ్వుంటే వాళ్లు నోరు తెరవరు."

అప్పటినుంచి ప్రతి ఆదివారం నేను మెట్ల మీద. లోపల ఆవిడ గ్లో గురించి చెబుతుంటుంది. నాతో ఒక్కనాడూ అంతసేపు మాట్లాడలేదు. దిగులుగానే ఉంటుంది, వింటుంటే గర్వంగానూ ఉంటుంది.

మొన్న పాఠం మధ్యలో తలుపు సందులోంచి ఆవిడ చెయ్యి బయటికి వచ్చింది. నాకోసమే అనుకుని గట్టిగా పట్టుకున్నాను.

"చెయ్యి ఇడువయ్యా, చాయ్ గిలాసలు అందియ్యి" అంది.

అందించాను.