రెండెకరాల పచ్చ జెలటిన్

ఈ యేడు బచ్చన్నపేట చుట్టుపక్కల కరువు లేదని పంటల ప్రగతి శాఖ మంత్రిగారు జనగామ సభలో ప్రకటించారు. అంతటితో ఆగక, గురువారం సాయంత్రం స్వయంగా వచ్చి పచ్చని పంటను విలేకరులకు చూపిస్తానన్నారు. మాట ఇచ్చే ముందు పొలం చూసే అలవాటు చిన్న నాయకులకుంటుంది. మంత్రిగారు ఆ దశ దాటి చాలా కాలమైంది.

డెబ్బై రెండులో ఆ ప్రాంతంలో పచ్చగా ఉన్నది పార్టీ ఆఫీసు గోడ ఒక్కటే. అందుకని ప్రత్యేకాధికారి దామోదర్ గారు జీపు వేసుకొని రాజలింగం ఇంటికి వచ్చారు. రాజలింగం నాటకాలకు లైటింగ్ చేస్తాడు. చెరువు కింద అతనికి రెండెకరాల పొలముంది. వరి ఈనకముందే ఎండి, నేల నెర్రెలిచ్చింది. కరువని సర్కారు ఒప్పుకుంటే, పంటలో వాటాగా పొయ్యాల్సిన లెవీ వడ్లు మాఫీ. ఒప్పుకోకపోతే ఎడ్లనమ్మి, వడ్లు కొని సర్కారుకు పొయ్యాలి.

"పచ్చ జెలటిన్ కాగితం ఉందా?" అన్నారు దామోదర్ గారు.

"ఉన్నది సార్. అడవి సీనుకు లైట్లకు కడుత."

"అది కట్టి నీ పొలం మీద లైటు వెయ్యి. మంత్రిగారు ఎలాగూ చీకటి పడితేగాని రారు."

"పొలం ఎండింది సార్!"

"ఎండకపోతే నీతో పనేమిటయ్యా?"

ఇంత స్పష్టంగా మాట్లాడే అధికారులు అరుదు. పైగా జీపులో ఒక పోలీసు కూడా ఉన్నాడు. రాజలింగం ఒప్పుకున్నాడు.

గురువారం జనరేటర్ వచ్చింది. "పక్క నుంచి కొడితే నెర్రెలు కనబడతయి సార్, ముందటి నుంచే కొట్టాలె" అంటూ రాజలింగం ఫ్లడ్‌లైట్లను గట్టు మీద వరుసగా నిలబెట్టాడు. ఎండిన చెరువు మీదికి తిప్పిన లైటుకు నీలం జెలటిన్ కట్టాడు. ఏ పనైనా చేతిలోకి తీసుకుంటే అది బాగా రావాలనే రోగం అతనికుంది.

"ఎవల్ని ముంచనీకి గింత కష్టపడుతున్నవయ్యా?" అంది భార్య సరోజన.

"మనల్నే" అన్నాడు.

మంత్రిగారి కారు ఆగగానే రాజలింగం డిమ్మర్ మెల్లగా తిప్పాడు. పొలం పచ్చబడింది. గాలికి ఎండుగడ్డి గలగలమంది.

"విన్నారా? గింజ బరువుకు మోగుతోంది" అన్నారు మంత్రిగారు. విలేకరులు రాసుకున్నారు.

"చెరువులో నీళ్లెంత?"

దామోదర్ గారు రాజలింగం వైపు చూశారు. రాజలింగం తనకు తెలిసింది చెప్పాడు.

"వెయ్యి వాట్లు సార్."

"వెయ్యి!" అన్నారు మంత్రిగారు గర్వంగా. అది కూడా రాసుకున్నారు.

సరోజన ఇక ఊరుకోలేకపోయింది. "ఒక్కపారి తెల్ల లైటెయ్యరాదు! గింతమందిల కండ్లున్నోడు ఒక్కడన్న ఉండడా?"

రాజలింగం జెలటిన్లు పీకేశాడు. ఒక లైటును పక్కకు తెచ్చి, నేల మీదికి వంచి పూర్తిగా వదిలాడు. నెర్రెలన్నీ నోళ్లు తెరిచాయి. అగ్గిపుల్ల గీస్తే అంటుకునే వరి, తడి లేని చెరువు. దామోదర్ గారు తన జీపు ఎటుందో చూసుకున్నారు.

మంత్రిగారు చప్పట్లు కొట్టారు.

"భేష్! మేము రాకముందు ఈ ఊరు గిట్లనే ఉండె! ఎంత సహజంగా చూపించినవయ్యా! ఆ పగుళ్లు చూడండి, నిజం పగుళ్లే అనిపిస్తలేవా?"

"నిజమే సార్!" రాజలింగం అరిచాడు. "గిది నా పొలం! నిజంగనే ఎండింది!"

"డైలాగు కూడా బాగుంది" అన్నారు మంత్రిగారు, అతనికి శాలువా కప్పుతూ. "ఇగ మళ్ల పచ్చది వెయ్యి."

మర్నాడు పేపర్లో రెండు ఫొటోలు వచ్చాయి. పేపర్లో రంగులుండవు కాబట్టి, ఏది అప్పుడో ఏది ఇప్పుడో కింద రాశారు.

సోమవారం పట్టపగలు లెవీ లారీ వచ్చింది. రాజలింగం లారీతో వచ్చిన గుమాస్తాను చెయ్యి పట్టుకొని మడిలోకి తీసుకెళ్లాడు. నడినెత్తిన సూర్యుడున్నాడు.

"గిప్పుడు చూడుండ్రి సార్. జనరేటర్ లేదు, జెలటిన్ లేదు."

గుమాస్తా చాలాసేపు చూశాడు. నెర్రెలో కాలు ఇరుక్కుంటే లాక్కున్నాడు కూడా.

"పేపర్లో కంటే బాగుంది" అన్నాడు మెచ్చుకోలుగా. "సరే, ఇక ఆ లైటు ఆర్పు. బస్తాలు ఎక్కించాలి."