నాలుగో పేరు ఉంది, ఐదో పేరు పోయింది

"లోకంలో మేధావులు ఇద్దరే. రెండోవాడు ఇంకా పుట్టలేదు," అన్నాడు భూతద్దం, కంటి ఆసుపత్రి మెట్లెక్కుతూ. జేబులో భూతద్దం పెట్టుకుని, డిటెక్టివునని చెప్పుకు తిరుగుతాడని ఆ పేరు. నా చిన్ననాటి స్నేహితుడు. నా తప్పు కాదు.

ఆ ఆసుపత్రిలో కంప్యూటర్ పని మా చెల్లెలిది. ఆపరేషన్ల జాబితాలో రెండో ఆయన, నాలుగో ఆయన తమకు వద్దన్నారు. ఆ రెండు స్థానాలు తీసెయ్యమని చెల్లెలు ప్రోగ్రామ్ రాసింది. పొద్దున చూస్తే నాలుగో పేరు అలాగే ఉంది. ఐదో పేరు పోయింది. అది ఒక రిటైర్డ్ టీచరమ్మది. కావాలనే తీశావన్నాడు మేనేజరు. మధ్యాహ్నం పన్నెండు లోపల కారణం చెప్పు, లేదా రాజీనామా ఇవ్వు అన్నాడు.

"శవం ఉండాల్సిన చోట మనిషి! మనిషి ఉండాల్సిన చోట శూన్యం!" అన్నాడు భూతద్దం.

"అన్నయ్యా, పదకొండున్నరైంది. ఈయన్ని ఇంటికి తీసుకెళ్లు," అంది చెల్లెలు నాతో.

అప్పటికే వాడు వరండాలో, కంటి పరీక్షకు నిన్నటి జాబితా వరసలోనే నిలబడ్డ రోగుల క్యూ ముందున్నాడు.

"చూశావా? రెండోవాడూ నాలుగోవాడూ ఏడుస్తున్నారు. పశ్చాత్తాపం!"

"కంట్లో మందు వేశార్రా," అన్నాను.

"హంతకులంతా అదే చెబుతారు."

పుస్తకంలో 'రెండు, నాలుగు' అని రాసుకున్నాడు. రెండో మనిషిని చెయ్యి పట్టి బయటికి లాగాడు. వెనకవాళ్లు తలా ఒక అడుగు ముందుకు జరిగారు. వాడు పుస్తకం చూసి, వేలితో లెక్కపెట్టి, నాలుగో మనిషిని లాగాడు. వచ్చింది టీచరమ్మ.

"నన్నెందుకురా లాగుతావు? నేను ఐదోదాన్ని!"

"అబద్ధం. లెక్క చూసుకోండి, నాలుగు."

"ముందాయన్ని తీసింది నువ్వే కదా! మేం జరిగాం. నువ్వనుకున్న దొంగ మూడో చోట నిలబడి నవ్వుతున్నాడు, చూడు."

మా వెనకే వచ్చిన చెల్లెలు వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంది.

"నా ప్రోగ్రామూ ఇదే చేసింది! రెండోది తియ్యగానే ఐదోది నాలుగైంది! వెనకనుంచి తియ్యాలి!" అంటూ లోపలికి పరుగెత్తింది. నిన్నటి జాబితా తెరిచి, ముందు నాలుగో పేరు, తర్వాత రెండో పేరు తీసింది. టీచరమ్మ పేరు నిలిచింది.

"తప్పు నాదే సార్. కారణం ఇదీ," అని మేనేజరుకు చూపించింది.

ఆయన గడియారం చూశాడు. పన్నెండుకు ఐదు నిమిషాలు తక్కువ. "నీ మీద నాకెప్పుడూ అనుమానం లేదమ్మా," అన్నాడు.

"కేసు ఛేదించింది నేను," అన్నాడు భూతద్దం.

"పొరపాటున ఛేదించానని ఒప్పుకోండి, ఇద్దరికీ కాఫీ ఇప్పిస్తాను," అంది చెల్లెలు.

వాడు ఒప్పుకోలేదు. రెండు కాఫీలూ నేనే తాగాను.