అందరికీ ఒకే సైజు సమానత్వం

పరిశోధనశాలలో అందరికీ ఒకే సైజు కోటు, ఒకే సైజు గ్లవ్స్ ఇవ్వడాన్ని మించిన స్త్రీ పురుష సమానత్వం ఈ భూమ్మీద లేదని బల్ల గుద్ది చెబుతున్నాను.

నవ్వకండి. నేనొక రసాయన పరిశోధనశాలలో భద్రతాధికారిని. కొనుగోళ్ల కమిటీకి అధ్యక్షుణ్ణి కూడా. ఊరికే నోరు పారేసుకునే మనిషిని కాను.

మీరే ఆలోచించండి. మగవాళ్లకొక సైజు, ఆడవాళ్లకొక సైజు ఇస్తే అది వివక్ష కాదా? అందుకే మా పాలసీలో స్పష్టంగా రాసుకున్నాం: ఉద్యోగులందరికీ ఒకే రకం సదుపాయాలు. ఆ ఒకే సైజు ఏదంటారా? లార్జ్. పెద్ద మనసుతో పెద్దదే కొన్నాం.

ఈ సమానత్వాన్ని మొట్టమొదట చవిచూసిన అదృష్టవంతురాలు మా యాసిడ్ల గదిలో చేరిన కెమిస్టు. పెద్ద చదువు, చిన్న మనిషి. స్టోర్‌కీపర్ మొదటి రోజే ఆమెకు చిట్టి మేడం అని పేరు పెట్టాడు, అదే స్థిరపడింది. కోటు తొడుక్కుంటే అది మోకాళ్లు దాటి పాదాల వైపు ప్రయాణం కట్టేది. చేతులు లోపల ఎక్కడున్నాయో వెతుక్కోవాలి. గ్లవ్స్ వేళ్ల కొసలు ఖాళీగా వేలాడుతుంటే, మణికట్టు దగ్గర రబ్బరు బ్యాండ్లు చుట్టుకుని పని చేసేది.

చిన్న సైజు తెప్పించమని నా దగ్గరికి వచ్చింది. కూర్చోబెట్టి నచ్చజెప్పాను. మా చిన్నప్పుడు బట్టలు కుట్టించాలంటే అమ్మ, ఎదిగే ఒళ్లని, ఓ జానెడు వదులు పెట్టించేది. ఉద్యోగంలో ఎదుగుదల ఉండాలంటే ఆ మాత్రం జాగా ఉండొద్దా?

ముప్పై దాటాయి సార్, ఇంక ఎదగను అంది. ఎంత నిరాశావాదమో చూడండి!

అలాగని ఆమెను మేము గుర్తించలేదనుకుంటారేమో. సమానత్వ వారోత్సవాలకు వేసిన పోస్టర్ మీద ఉన్నది ఆమె ఫొటోయే. కోటు గోనెసంచిలా ఉందని ఫొటోగ్రాఫర్ విసుక్కుంటే, ఆఫీసు క్లిప్పులు తెప్పించి వీపు వెనకాల బిగించాం. ముందునుంచి చూస్తే కొలతలు తీసి కుట్టినట్టే ఉంది. ఫొటో అయ్యాక క్లిప్పులు వెనక్కి తీసుకున్నాం, ఆఫీసు సొత్తు కదా.

ఆ తర్వాత కొన్నాళ్లకు ఒక చిన్న సంఘటన జరిగింది. ఆవిర్లు పీల్చేసే అద్దాల బీరువాలో ఆమె యాసిడ్ ఒంపుతోంది. గ్లవ్‌కి వేలాడే రబ్బరు కొస సీసా మెడకూ వేలికీ మధ్య మడతపడి, పట్టు తప్పింది. చిమ్మిన యాసిడ్ రబ్బరు బ్యాండ్ల సందుల్లోంచి గ్లవ్ లోపలికి జారి మణికట్టు కాల్చేసింది. గోల విని నేను వెళ్లేసరికి స్టోర్‌కీపర్ గ్లవ్స్ లాగి పారేసి, ఆమె చెయ్యి కుళాయి కింద పట్టుకుని ఉన్నాడు. ఆమె పళ్లు బిగబట్టి గోడకేసి చూస్తూ నిలబడింది.

విచారణ సంఘం వేశాం. నేనూ, ఇంకో ఇద్దరు సీనియర్లూ. ఏళ్లూ పూళ్లూ నానబెట్టామని రేపెవరూ అనకూడదు కాబట్టి కొన్ని నెలల్లోనే తేల్చేశాం. అదే రకం గ్లవ్స్ తెప్పించుకుని ముగ్గురమూ తొడుక్కుని చూశాం. చేతికి అతికినట్టు సరిపోయాయి. గ్లవ్స్‌లో లోపమేమీ లేదని రాసి సంతకాలు పెట్టాం.

ఆ మాట ఇంట్లో గొప్పగా చెప్పుకుంటే మా ఆవిడ కూర తరుగుతూ తలెత్తింది.

"చెయ్యి కాలింది ఆ అమ్మాయిది కదండీ, గ్లవ్స్ మీరెందుకు తొడుక్కుని చూశారు?"

పాపం, ఆవిడకు విచారణ పద్ధతులు తెలియవు.

చిట్టి మేడం క్షేమం కోరి ఆమెను యాసిడ్ల గది నుంచి తప్పించి కొనుగోళ్ల విభాగంలో కూర్చోబెట్టాం. నా ప్రయోగం సగంలో ఉంది సార్ అని రెండు మూడుసార్లు అడిగింది. ప్రాణం కంటే ప్రయోగం ఎక్కువా అని కోప్పడ్డాను. ఫలితం చూడండి: ఆ ఏడు మహిళలకు జరిగిన ప్రమాదాలు సున్నా. యాసిడ్ల గదిలో మహిళలే లేరు మరి! మాకు షీల్డు కూడా ఇచ్చారు.

కొత్త సీట్లో ఆమె శ్రద్ధగా పని చేసింది. చిరిగిన కోట్లు, గడువు తీరి పిగిలిపోతున్న గ్లవ్స్ అన్నీ ఏరి పారేయించింది. కొత్త సరుకు ఆర్డరు పట్టుకొచ్చి, పాలసీ ప్రకారం అందరికీ ఒకే సైజే కదా సార్ అని వినయంగా అడిగింది. అందులో ఈషణ్మాత్రం మార్పుండదని చెప్పి సంతకం గీకేశాను. ఒకే సైజా కాదా అన్నది చూశాను గానీ, ఏ సైజో చూడలేదు.

స్మాల్.

సరుకు దిగిన మర్నాడు పరిశోధనశాల అంతటా మూలుగులే. గ్లవ్స్‌లో వేళ్లు సగం దాకా వెళ్లి నిలిచిపోయాయి. కోటు లేకుండా లోపలికి రాకూడదన్న నిబంధన పెట్టింది నేనే కాబట్టి, అందరం ఊపిరి బిగబట్టి అందులోకి దూరాం. సరిగ్గా ఆ రోజే పై అధికారులు తనిఖీకి వచ్చారు. డైరెక్టరుగారు వాళ్లకు మా ప్రగతిని వివరిస్తూ కాస్త గాలి పీల్చారు. పొట్ట మీది బొత్తాం తెగి ఎగిరి, షీల్డు పెట్టిన అద్దానికి టక్కున తగిలింది.

డైరెక్టరుగారు ఆమెను పిలిపించారు.

"ఏంటమ్మా ఇది? ఇవి మనుషులు వేసుకునేవేనా?"

"నేను వేసుకుని చూశాను సార్. చక్కగా సరిపోయాయి. లోపమేమీ లేదు."

ఆమె గొంతులో వెటకారం వెతికాను. దొరకలేదు. చేతులు ముందు కట్టుకుని నిలబడింది, మణికట్టు మీది మచ్చ పైకి కనిపించేలా. తనిఖీకి వచ్చినవాళ్లలో ఒకాయన దగ్గి, కిటికీలోంచి బయటికి చూశాడు.

ఆ మధ్యాహ్నమే కమిటీ కూర్చుంది. కాలిన చేతికి ఆధారం వెతకడానికి మాకు నెలలు పట్టింది కదా, ఊడిన బొత్తానికి సూదీ దారం వెతికేలోపే తీర్మానం అయిపోయింది. ఎవరి కొలతకు తగ్గట్టు వాళ్లకు కోట్లు, గ్లవ్స్! ఈ చరిత్రాత్మక సంస్కరణకు కారకులైన డైరెక్టరుగారికి అభినందనలు. అందరం ఒక్క గొంతుతో సరే అన్నాం.

చివర్లో ఆమె లేచింది. "నా కొలత గ్లవ్స్ వస్తున్నాయి కాబట్టి నన్ను మళ్లీ నా ప్రయోగం దగ్గరికి పంపించండి" అంది. అంతే, ఇంకేమీ అడగలేదు.

డైరెక్టరుగారు న్యాయమూర్తిలా మొహం పెట్టి, ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి అన్నారు.

పాఠకులారా, ఒక్క చెయ్యీ లేవలేదు. మీరు మరోలా అనుకోవద్దు. కోట్లు చంకల్లో మరీ బిగుతుగా ఉన్నాయి.