‘డాంగ్ కీ’ మీద విచారణ

ప్రవాస వియత్నామీయుల ప్రసారాల్లో వార్త కాస్త అటూ ఇటూ అయినా సర్దుకుపోవచ్చు గానీ, మాట మాత్రం 1975 ఏప్రిల్‌కు ముందు వాడుకలో ఉన్నదై తీరాలి. ఆ నెలలో సైగాన్ కమ్యూనిస్టుల చేతిలో పడిపోయాక స్వదేశంలో వాడుకకొచ్చిన ప్రతి మాటా శత్రువు మాటే. కాలిఫోర్నియాలో, బోల్సా వీధిలో, ఇది రాజ్యాంగంకన్నా గట్టి నియమం. (రాజ్యాంగానికి సవరణలున్నాయి.)

పందొమ్మిదేళ్లుగా అక్కడి రేడియోలో ఉదయం వార్తలు చదువుతున్న బిక్ థ్వీ, ఒక మంగళవారం ఫ్లూ టీకాల ప్రకటన చదువుతూ, ‘పేరు నమోదు చేయించుకోండి’ అనడానికి ‘గీ యాన్’ అనే పాత మాట వదిలేసి ‘డాంగ్ కీ’ అనేసింది. అది హనోయి ప్రభుత్వ కాగితాల్లో ఉండే మాట. స్వదేశంలోని మేనకోడలితో రోజూ ఫోనులో మాట్లాడడం వల్ల అంటుకుంది. దానికి టీకా లేదు.

నాలుగు నిమిషాల్లో పదకొండు ఫోన్లు వచ్చాయి.

“ఏమ్మా, హనోయి నుంచి ఎంత ముడుతోంది నీకు?” అన్నాడొక పెద్దాయన.

“ఆ మాట వినగానే నాకు బీపీ పెరిగిందే అమ్మాయ్,” అంది ఒక ముసలావిడ. “సరేగానీ, టీకా ఎన్ని గంటలకి?”

మధ్యాహ్నానికల్లా కెప్టెన్ లువాన్ రంగంలోకి దిగాడు. ఈయన యుద్ధంలో పనిచేసి, రిటైరై, ప్రస్తుతం కారు షెడ్డులో కూర్చుని ఇంటర్నెట్‌లో రాజకీయ విశ్లేషణ చేస్తున్నాడు. ‘నాలుక జారిందా, జార్పించారా?’ అన్న పేరుతో రెండు గంటల నలభై నిమిషాల వీడియో విడుదల చేశాడు. (మొదటి గంటన్నర బీజింగ్ గురించి.)

రేడియో యజమాని తోవాన్ తల పట్టుకున్నాడు. “శనివారం పదశుద్ధి సంఘం ముందుకెళ్లి క్షమాపణ చెప్పెయ్ చెల్లాయ్. లేకపోతే నీ వార్తల టైములో పాటలు వేసుకోవాల్సొస్తుంది.”

“పదకొండు రోజులు పడవలో గుక్కెడేసి నీళ్లతో పారిపోయొచ్చినదాన్ని అన్నయ్యా! నేను కమ్యూనిస్టునా?”

“ఆ సంగతి నాకు తెలుసమ్మా. మాటకి తెలీదు కదా.”

విచారణ ఒక ఫో నూడుల్స్ హోటలు వెనకగదిలో జరిగింది. సంఘ సభ్యులు అయిదుగురు. అందరి వయసూ కలిపితే నాలుగువందల మూడు. కెప్టెన్ లువాన్ టాబ్లెట్ నిలబెట్టి ప్రత్యక్ష ప్రసారం మొదలుపెట్టాడు. “ప్రేక్షక మహాశయులారా, ముందుగా కిందున్న బటన్ నొక్కి మన చానల్లో చేరండి. మరిచిపోవద్దు!”

బిక్ థ్వీ కుర్చీ ముందుకు జరుపుకుంది. “బాబాయిగారూ, ఆ బటన్ మీద మన భాషలో ఏం రాసుందో కాస్త చదివి పెడతారా? కళ్లజోడు తెచ్చుకోలేదు.”

కెప్టెన్ టాబ్లెట్‌ను దగ్గరికి తెచ్చుకున్నాడు. దూరం పెట్టాడు. మళ్లీ దగ్గరికి తెచ్చుకున్నాడు.

“అక్షరాలు చిన్నవిగా ఉన్నాయమ్మా.”

“పెద్దవే బాబాయిగారూ. రెండే ముక్కలు.”

గదిలో నూడుల్స్ జుర్రుకునే చప్పుడు కూడా ఆగిపోయింది. సంఘం వంటింట్లోకి వెళ్లి నలభై నిమిషాలు చర్చించింది. తీర్పు ఇది: బటన్ మీది ‘డాంగ్ కీ’ పైకి వినపడదు కనుక నిర్దోషి; దాన్ని నొక్కవచ్చు, చదవరాదు. బిక్ థ్వీ మాట పైకి వినపడింది కనుక దోషి. నెలరోజులు వార్తలు చదవరాదు.

 ఆమె లేచి సంచీ భుజాన వేసుకుంది. “నెల తరవాత నా వార్తలు నాకిస్తారా పెదనాన్నగారూ?” అని సంఘం కార్యదర్శిని అడిగింది. ఆ గొంతు పందొమ్మిదేళ్లలో మొదటిసారి వణికింది.

కార్యదర్శి మెత్తబడిపోయాడు. “ఎందుకివ్వం తల్లీ? నువ్వు మన పిల్లవి. ఒక వారం ముందు సంఘం ఆఫీసుకొచ్చి డాంగ్ కీ చేయించుకో, చాలు.”

గదిలో ఎవరూ ఉలిక్కిపడలేదు. ఆయనకు పోవడానికి ఉద్యోగం లేదు.