చెప్పవలసిన చోటే చెప్పవలెను

కంప్యూటర్ దొంగల గురించి ఏ కంపెనీకి ఏది తెలిసినా ప్రభుత్వానికి చెప్పాలనీ, ప్రభుత్వం దాన్ని మిగతా కంపెనీలకు చెప్పాలనీ చట్టం వచ్చింది. అంతకుముందు కంపెనీలు ఒకదానితో ఒకటి చెప్పుకునేవి కావు. చట్టం వచ్చాక చెప్పుకోకపోవడానికి ఒక పద్ధతి ఏర్పడింది.

బిల్లు పెట్టిన రోజు సభలో మంత్రిగారు గంటసేపు మాట్లాడారు. "ఒక ఇంట్లో దొంగ పడితే పది ఇళ్లు మేలుకోవాలి. అందుకే మేలుకొలుపు కార్యాలయం పెడుతున్నాం. ఇక పౌరులు నిశ్చింతగా నిద్రపోవచ్చు" అన్నారు. మేలుకోవాలా, నిద్రపోవాలా అని ఎవరూ అడగలేదు. బిల్లు ఏకగ్రీవంగా నెగ్గింది.

చట్టం అమల్లోకి వచ్చిన పదకొండో రోజు పొద్దున్నే నీటి సరఫరా కంపెనీకి ఒక మెయిల్ వచ్చింది. పేరు 'పెరిగిన జీతాల పట్టిక'. అక్కడ జీతాలు పెరిగి నాలుగేళ్లయింది కనుక, కంప్యూటర్ల భద్రత చూసే ఆవిడకు అనుమానం వచ్చింది. బిల్లుల గుమాస్తాకు ఆశ వచ్చింది. ఆయన తెరిచాడు. ఆయన కంప్యూటర్లో ఫైళ్లకు ఒక్కొక్కదానికే తాళాలు పడిపోతుంటే ఆవిడ పరుగున వెళ్లి వైరు పీకేసింది. పంపులు ఆగలేదు. ఊరు యథాప్రకారం మొహం కడుక్కుంది.

ఆవిడ ఉత్సాహంగా మేలుకొలుపు కార్యాలయానికి నివేదిక రాసి, కంపెనీ న్యాయ సలహాదారుకు చూపించింది. ఆయన మంచివాడు. ఎవరికీ హాని జరగకూడదనుకుంటాడు, ముఖ్యంగా కంపెనీకి.

"కంపెనీ పేరెందుకమ్మా, పరువు పోతుంది" అని ఒక గీత గీశాడు. "మెయిల్ పేరు రాస్తే మనం జీతాలు పెంచలేదని బయటపడదూ?" అని ఇంకో గీత గీశాడు. గుమాస్తానూ తేదీనీ కూడా కొట్టేశాక నివేదిక ఇలా మిగిలింది: "ఒకానొక సంస్థలో ఒకానొక దినమున ఒకటి జరగబోయి ఆగినది."

కార్యాలయం దానిమీద 'అతి రహస్యం' అని ముద్ర వేసింది. ఆవిడ ఫోన్ చేసి కనుక్కుంది.

"అందిందండీ. కాకపోతే అది రహస్యం, మీతో మాట్లాడకూడదు" అన్నాడు అధికారి.

"పంపింది నేనేనండీ."

"అది కూడా రహస్యమేనండీ."

"మరి మిగతావాళ్లకి ఎప్పుడు చెబుతారు?"

"రెండు సంఘాలు చూడాలి. మొదటి సంఘం రెండోదాన్ని నియమించాలి. మొదటిదాన్ని ఇంకా నియమించలేదు."

ఆవిడ చెల్లెలు పెద్దాసుపత్రిలో రోగుల రిపోర్టులు చూసే విభాగంలో పనిచేస్తుంది. అక్కడ ఆపరేషన్ల వరసా, రక్తం గ్రూపులూ, మందుల మోతాదులూ అన్నీ కంప్యూటర్లోనే ఉంటాయి. చెల్లెలికి చెప్పవచ్చా అని అక్క సలహాదారును అడిగింది.

"కార్యాలయానికి చెబితే చట్టం మనల్ని కాపాడుతుంది. బయట చెబితే మన ఖర్మ. అక్కచెల్లెళ్ల సెక్షన్ అందులో లేదమ్మా."

ఆవిడ మెట్ల దగ్గరకు వెళ్లి ఫోన్ చేసింది. "జీతాలు పెరిగాయని మెయిల్ వస్తే తెరవకండే. అందరికీ చెప్పు."

"మాకు జీతాలు పెరిగితే నీకెందుకే అక్కా కడుపుమంట?"

"నవ్వకు. వెంటనే వెళ్లి చెప్పు."

చెల్లెలు మూడంతస్తులూ తిరిగి చెప్పింది. మధ్యాహ్నానికి ఆ మెయిల్ రానే వచ్చింది. ఎవరూ తెరవలేదు. ఆ పూట ఏడు ఆపరేషన్లూ వేళకు జరిగాయి. కోయించుకున్నవాళ్లు మత్తులో ఉన్నారు కనుక వాళ్లకు సంగతి తెలియలేదు. కోసినవాళ్లకూ తెలియలేదు.

మూడు వారాల తర్వాత మేలుకొలుపు కార్యాలయం అన్ని కంపెనీలకూ హెచ్చరిక పంపింది: "జాగ్రత్తగా ఉండవలెను. దేని విషయంలో అనేది రహస్యం." తర్వాత, ఈ హెచ్చరిక కంటే మూడు వారాల ముందే ఆసుపత్రి ఎలా జాగ్రత్తపడిందని విచారణ జరిపింది. విచారణ మాత్రం చకచకా సాగింది.

తెలిసినది తెలియవలసినవారికి తెలియజేసినందుకు అక్కను సంజాయిషీ అడిగారు. అనుమతి లేకుండా రక్షింపబడినందుకు ఆసుపత్రిని మందలించారు. "చెల్లెలు కనుక చెప్పాను. అక్కడ రోగులున్నారు కనుక కూడా చెప్పాను" అని ఆవిడ రాసింది. సలహాదారు ఆ రెండు వాక్యాలూ కొట్టేసి "పొరపాటున చెప్పాను" అని రాశాడు. ఆవిడ ఆ ఒక్క మాటనూ చాలాసేపు చూసింది. సంతకం పెట్టింది. ఆ ఏడు రావలసిన ప్రమోషన్ పక్క కుర్చీకి పోయింది. చట్టం చదువుకోవద్దా అని ఇరుగుపొరుగు అన్నారు. వాళ్లూ చదవలేదు.

మరుసటి నెల చెల్లెలి కంప్యూటర్లో, ఎవరో దొంగ దూరం నుంచి కదుపుతున్నట్టు, బాణం గుర్తు దానంతటదే కదలసాగింది. పైఅధికారికి చూపించింది. ఆయన కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని, "నాకేం కనపడలేదమ్మా" అన్నాడు. సాయంత్రం ఆమె అక్కకు ఫోన్ చేసింది.

"ఏం చేస్తున్నావే?"

"ఏం లేదు. ఏమైనా చెప్పాలా?"



"ఏం లేదు. వంటయిందా?"

"అయింది."

నెలాఖరున మంత్రిగారు సభ పెట్టి లెక్క చదివారు. "చట్టం వచ్చిన కొత్తలో రోజుకొక బెదిరింపు సమాచారం అందేది. ఈ నెల ఒక్కటీ అందలేదు. దొంగలు భయపడ్డారు. ఈ ఘనత సహకరించిన ప్రతి పౌరుడిదీ."

హాలు దద్దరిల్లింది. అక్కచెల్లెళ్లు రాలేదు కానీ మీరూ నేనూ ఉన్నాం. మనకు తెలిసింది మనసులోనే పెట్టుకుని, చేతులు ఎర్రబడేదాకా చప్పట్లు కొట్టాం.